గెలుచుకున్నది అమ్ముకోవడానికా?

ప్రజల భూమిని ఒక ప్రైవేటు కంపెనీ చేతిలోంచి విడిపించడానికి ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడారు. 2006లో మొదలైన ఆ పోరు 2024 మార్చిలో తెలంగాణ హైకోర్టులో తేలింది. మే నెలలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ పిటిషన్‌ను కొట్టేసింది. ప్రభుత్వం గెలిచింది, అంటే మనమే గెలిచామని అనుకున్నాం. జూన్ ముగియకముందే ఆ భూమిని పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు, అంటే టీజీఐఐసీకి, కేటాయించేశారు. లేఅవుట్ వేసి, ప్లాట్లు చేసి, ఐటీ కంపెనీలకూ వ్యాపార సముదాయాలకూ వేలం వేయడానికి! ఒక కంపెనీకి పోకూడదని ఇన్నేళ్లు వాదించిన భూమిని నాలుగు కంపెనీలవాళ్లకు పంచడానికి రెండు నెలలు కూడా ఆగలేకపోయారు.

రంగారెడ్డి జిల్లా, శేరిలింగంపల్లి మండలం, కంచ గచ్చిబౌలి, సర్వే నంబరు 25, 400 ఎకరాలు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న ఈ నేల కోసమే నా గోడు.

ముందు చరిత్ర చెప్పుకోవాలి. చరిత్ర మరిచిపోయిన చోటే దోపిడీ సులువవుతుంది. జై ఆంధ్ర ఉద్యమం తర్వాత కుదిరిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో ఆ విశ్వవిద్యాలయం పుట్టింది. రెండు వేల ఎకరాలకు పైగా భూమి దానికి కేటాయించారు. నగరానికి దూరంగా, బండరాళ్ల మధ్య ఉన్న ఆ నేలను అప్పట్లో ఎవరూ కన్నెత్తి చూడలేదు. పక్కన హైటెక్ సిటీ లేచాక అందరి కళ్లూ దాని మీదే పడ్డాయి. 2003లో అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం క్రీడా అకాడమీలు కడతామని వచ్చిన ఐఎంజీ భారత అనే కంపెనీతో ఒప్పందం చేసుకుని ఈ 400 ఎకరాలను దానికి కట్టబెట్టింది. విశ్వవిద్యాలయానికి బదులుగా గోపన్‌పల్లిలో భూమి చూపించారు. 2006లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. కంపెనీ కోర్టుకెక్కింది. ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండయింది. కేసు మాత్రం సాగింది.

ఇక్కడే నా మొదటి ప్రశ్న. 2003లో జరిగిన తప్పేమిటి? భూమి చౌకగా పోవడమా, భూమి పోవడమా?

ధర తక్కువ కావడమే తప్పయితే ఇప్పుడు ప్రభుత్వం చేస్తున్నది సబబే. ఎక్కువ ధరకు అమ్మితే పాపం కడుక్కున్నట్టే. భూమి పోవడమే తప్పయితే, ఎకరం లక్షకు అమ్మినా వంద కోట్లకు అమ్మినా అది అదే తప్పు. మన పాలకులు మొదటి అర్థాన్నే పట్టుకున్నారు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటినప్పుడు దాన్ని పాలనలో విజయంగా చాటుకున్నారు. ఆ వేలాలను అప్పుడు తప్పుపట్టిన పార్టీ గద్దెనెక్కి అదే దారి పట్టింది. అప్పుడు వేలం వేసిన పార్టీ ఇప్పుడు పచ్చదనం గురించి ప్రసంగిస్తోంది. 2003లో కట్టబెట్టిన పార్టీ ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో అధికారంలో ఉండి విశాఖలో ఒక ఐటీ దిగ్గజానికి 21 ఎకరాలను 99 పైసలకు ఇచ్చింది. ఒకరిది వంద కోట్ల లెక్క, ఒకరిది పైసల లెక్క. రెండు లెక్కల్లోనూ భూమి ఎవరిదో వాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు. జెండా రంగు చూసి కోపం తెచ్చుకునేవాళ్లకు ఈ వ్యాసం పనికిరాదు. ఈ విషయంలో అన్ని జెండాలదీ ఒకటే రంగు.

రెండో ప్రశ్న ఇంకా మౌలికమైనది. ప్రభుత్వ భూమికి ప్రభుత్వం యజమానా?

కాదు. ఊళ్లో గుడి మాన్యానికి ధర్మకర్త ఉంటాడు. పొలాన్ని కౌలుకిస్తాడు, శిస్తు వసూలు చేస్తాడు, దీపానికీ నైవేద్యానికీ లోటు లేకుండా చూస్తాడు. రికార్డుల మీద సంతకం అతనిదే. అంతమాత్రాన పొలం అతనిది కాదు. తన అప్పు తీర్చుకోవడానికి దేవుడి మాన్యం అమ్మిన ధర్మకర్తను ఊరు దొంగ అంటుంది. చెరువులకు, పార్కులకు, అడవులకు, బంజరుకు ప్రభుత్వం అలాంటి ధర్మకర్తే. అయిదేళ్లకోసారి మనం నియమించే ధర్మకర్త. ఇది నా సొంత సిద్ధాంతం కాదు, ఈ దేశపు సర్వోన్నత న్యాయస్థానం మళ్లీ మళ్లీ చెప్పిన మాట.

1991లో చెప్పింది. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశంతో ఒక ప్రైవేటు మెడికల్ ట్రస్టుకు ఆసుపత్రి కట్టుకోవడానికి ఇచ్చారు. కాలనీవాసులు ఎదురుతిరిగారు. ఆసుపత్రి కూడా ప్రజలకు మేలు చేసేదే కదా అన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. పార్కు పార్కుగానే ఉండాలని తీర్పిచ్చింది. ఆలోచించండి, అక్కడ కట్టాలనుకున్నది ఆసుపత్రి. ప్రాణాలు కాపాడే చోటు కోసం కూడా పార్కును తీసుకోకూడదంటే, షాపింగ్ మాళ్లకూ గాజు గోడల ఆఫీసులకూ ఏ న్యాయం ఒప్పుకుంటుంది?

1999లో చెప్పింది. లక్నో అమీనాబాద్‌లో స్వాతంత్ర్యోద్యమ సభలు జరిగిన ఝండేవాలా పార్కు కింద భూగర్భ షాపింగ్ కాంప్లెక్స్ కట్టుకోమని నగరపాలక సంస్థ ఒక బిల్డరుకు అనుమతిచ్చింది. టెండరు లేదు, పోటీ లేదు. పైన పార్కు అలాగే ఉంటుంది కదా అన్నారు. అప్పటికే నిర్మాణం చాలావరకు లేచింది. అయినా దాన్ని పడగొట్టి పార్కును మళ్లీ పార్కు చేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. కట్టేశాం కాబట్టి ఇక ఏం చేయలేం అనే వాదన చెల్లదని అర్థం.

2006లో మన తిరుపతి గురించే చెప్పింది. పేరూరు చెరువు భూమిని టీటీడీకి, అవిలాల చెరువు భూమిని గృహనిర్మాణ మండలికి ప్రభుత్వం ఇచ్చేసింది. తిరుపతి మేధావుల వేదిక కోర్టుకు వెళ్లింది. సహజ వనరులు ప్రభుత్వం చేతిలో ప్రజల తరఫున ఉన్న నమ్మకపు ఆస్తి అని కోర్టు స్పష్టం చేసింది. ఆ చెరువుల్లో ఇక కొత్త కట్టడాలు వద్దంది. కానీ అప్పటికే లేచిన ఇళ్లు లేచాయి. తీర్పు వచ్చేలోగా పోయిన నీళ్లు పోయాయి. మనకు ఇది కూడా పాఠమే. న్యాయం ఆలస్యంగా వస్తుంది, బుల్డోజర్ మాత్రం ఎప్పుడూ వేళకే వస్తుంది.

2025 ఉగాది నాడు కంచ గచ్చిబౌలికి బుల్డోజర్లు అలాగే వచ్చాయి. మార్చి 30 ఆదివారం, ఉగాది. మర్నాడు రంజాన్. కోర్టులకు సెలవులు. ఇళ్లలో పచ్చడి కలుపుకుంటున్న పూట పోలీసు పహరాలో పదుల కొద్దీ యంత్రాలు చెట్ల మీదికి నడిచాయి. రాత్రిళ్లు కూడా ఫ్లడ్ లైట్లు పెట్టి నడిచాయి. అడ్డుపడ్డ విద్యార్థులను ఈడ్చుకెళ్లి వ్యాన్లలో ఎక్కించారు, కేసులు పెట్టారు. సదుద్దేశంతో చేసే పనికి సెలవు రోజులెందుకు? అర్ధరాత్రులెందుకు? ఆ తొందర వెనుక వరస సెలవుల లెక్క ఉందా అని సుప్రీంకోర్టు కూడా తర్వాత నిలదీసింది. స్వచ్ఛంద సంస్థలు హైకోర్టుకెక్కాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకుని పనులు ఆపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాల పచ్చదనం నేలమట్టమైంది. నాలుగే నాలుగు రోజుల్లో!

అప్పుడు ప్రభుత్వం చెప్పిన సమాధానాలను ఒక్కొక్కటీ తీసుకుందాం.

మొదటిది, అది అడవి కాదు అని. రెవెన్యూ రికార్డులో 'కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ' అని ఉందట, అడవి అని లేదట. రికార్డులో ఏ పేరుతో ఉన్నా, ఎవరి ఆస్తి అయినా, నిఘంటువు ప్రకారం అడవి అనిపించుకునేదంతా అడవేనని 1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటి అడవులను గుర్తించి జాబితా తయారుచేయమని రాష్ట్రాలను ఆదేశించింది. దశాబ్దాలు గడిచినా ఈ నేలను ఆ జాబితాలోకి ఎక్కించలేదు. ఎక్కించాల్సింది ప్రభుత్వమే. తాను చేయని పనిని సాకుగా చూపి అడవి లేదని వాదించడం ఎలాంటి న్యాయం? నరికేసిన భాగంలో 60 శాతానికి పైగా ఓ మోస్తరు నుంచి దట్టమైన అడవేనని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా సమాచారాన్ని బట్టి కోర్టు ముందు తేలింది. ఇంకా రికార్డు కావాలా?

రెండోది, అక్కడ జింకలు లేవు, నెమళ్లు లేవు, జనం చూసినవి కృత్రిమ మేధతో తయారుచేసిన బొమ్మలు అని. కొన్ని బొమ్మలు అలాంటివే అయ్యుండొచ్చు. కానీ సుప్రీంకోర్టు ఆదేశంతో హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా వెళ్లి చూసి రాసిచ్చిన నివేదికలో నెమళ్లున్నాయి, జింకలున్నాయి. అవి బొమ్మలు కావు. ఆ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లున్నాయి, చుక్కల దుప్పులున్నాయి, ఉడుములున్నాయి. హైదరాబాద్ పేరునే పెట్టుకున్న 'మురీసియా హైదరాబాదెన్సిస్' అనే సాలీడును శాస్త్రవేత్తలు మొదట గుర్తించింది ఆ ప్రాంగణంలోనే. కోట్ల ఏళ్ల నాటి గుండ్రాళ్లు, వాటి సందుల్లో ఇంకే వాన నీరు, ఆ నీటితో నిండే కుంటలు, ఆ కుంటల మీద బతికే పక్షులు. ఇవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నిలిచినవి. పుట్టగొడుగు ఆకారంలో ఉన్న బండను కాపాడతాం, చెరువుల చుట్టూ కంచె వేస్తాం, మిగతాది అమ్ముతాం అన్నారు. నీరొచ్చే దారి మూసేసి చెరువును కాపాడడం సాధ్యమా? దుప్పి తిరిగే నేల అమ్మేసి దుప్పిని ఎక్కడ పెడతారు? చెట్లు కూలిన ఆ రోజుల్లోనే ఒక దుప్పి బయటికొచ్చి కుక్కల బారిన పడి చచ్చిపోయింది. దాని చావుకు ఎవరిది పూచీ?

మూడోది, ఉద్యోగాలు. యాభై వేల కోట్ల పెట్టుబడులు, అయిదు లక్షల ఉద్యోగాలు అని ప్రకటించారు. ఉద్యోగాలు వద్దనే మూర్ఖుడెవరూ ఉండరు. మన పిల్లలంతా ఆ ఉద్యోగాల కోసమే చదువుతున్నారు. కానీ ఉద్యోగం ఇచ్చేది ఈ 400 ఎకరాల మట్టి కాదు, కంపెనీ. ఆ కంపెనీకి భవనం కావాలి, రోడ్డు కావాలి, కరెంటు కావాలి. అవి ఈ సర్వే నంబరులోనే ఉండాలని రాసిపెట్టి లేదు. ఇదే ప్రభుత్వం నగరానికి దక్షిణాన 30 వేల ఎకరాల్లో ఫ్యూచర్ సిటీ కడతామంటోంది. అక్కడ ఫార్మా సిటీ కోసం వేల ఎకరాలు ఇచ్చిన రైతులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. వేల ఎకరాలు చేతిలో పెట్టుకుని, నగరంలో మిగిలిన ఈ కాస్త పచ్చని నేల మీదే కన్నెందుకు? జవాబు అందరికీ తెలుసు. అక్కడ ఎకరం ధర వేరు, ఇక్కడ ఎకరం ధర వేరు. ఉద్యోగాల కోసమైతే ఎక్కడైనా కట్టొచ్చు. వేలం డబ్బు కోసమైతేనే ఇక్కడ కట్టాలి.

కాబట్టి అసలు విషయానికి, డబ్బుకు, వద్దాం. ఈ భూమిని తాకట్టు పెట్టి బాండ్ల ద్వారా 10 వేల కోట్లు తెచ్చిన సంగతి సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ విచారణలో బయటపడింది. వేలం వేయకముందే, లేఅవుట్ వేయకముందే, చెట్టు నరకకముందే అప్పు పుట్టింది. అప్పు పుట్టాక దాన్ని తీర్చడానికి భూమి అమ్మక తప్పదు. ఇదొక ఉచ్చు. సంక్షేమ పథకాలకు డబ్బెక్కడిది అని అడుగుతారు. రైతుకూ పేదింటి ఆడబిడ్డకూ ఇచ్చే ప్రతి రూపాయినీ నేను సమర్థిస్తాను. కానీ ఆ ఖర్చు ఏటేటా ఉంటుంది. ఈ భూమి మాత్రం ఒక్కసారే అమ్ముడుపోతుంది. వచ్చే ఏడాది ఏం అమ్ముతారు? ఇందిరా పార్కా? పబ్లిక్ గార్డెన్సా? కేబీఆర్ పార్కా? ఏటా వచ్చే ఖర్చుకు ఏటా వచ్చే ఆదాయం చూపించలేక వారసత్వాన్ని తెగనమ్మేవాళ్లను ఆర్థికవేత్తలని ఎలా అంటాం?

నాలుగోది, ఈ భూమి మీద విశ్వవిద్యాలయానికి హక్కు లేదు అని. పట్టా ఎవరి పేరున ఉందన్న వాదనలోకి నేను పోను. విశ్వవిద్యాలయానిది కాకపోతే ఐటీ కంపెనీలది అయిపోతుందా? రెంటి మధ్య అసలు హక్కుదారు ఒకరున్నారు. శేరిలింగంపల్లిలో ఇరుకు గదిలో ఉండే సెక్యూరిటీ గార్డు, గోపన్‌పల్లిలో ఎండల్లో ఇటుకలు మోసే కూలీ, నల్లగండ్లలో ఆస్తమాతో బాధపడే ముసలమ్మ. ఏసీ లేని వాళ్లకే నగరపు వేడి అర్థమవుతుంది. బోరు ఎండినప్పుడు ట్యాంకరు కొనలేని వాళ్లకే ఇంకుడు నేల విలువ తెలుస్తుంది. నగరంలో చెట్టు చచ్చిపోతే ముందు చచ్చేది పేదవాడే. డబ్బున్నవాడు ఫాంహౌస్‌కు పోతాడు.

ఇంకొక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 2024 జూన్‌లో ఈ భూమిని టీజీఐఐసీకి కేటాయించిన ప్రభుత్వమే జూలైలో హైడ్రా అనే సంస్థను పుట్టించింది. చెరువులను, పార్కులను, ప్రభుత్వ స్థలాలను ఆక్రమణల నుంచి కాపాడడానికని చెప్పింది. చెరువు శిఖంలో ఇల్లు కట్టుకున్నవాళ్ల గోడలు కూలాయి. లేఅవుట్ పార్కులను మింగినవాళ్ల నుంచి కొన్నిచోట్ల స్థలాలను విడిపించారు కూడా. విడిపించినంత మేరకు దానికి నా మద్దతు ఉంది. కానీ చట్టం అందరికీ ఒక్కటే కావాలి. పార్కులో వంద గజాలు మింగినవాడు ఆక్రమణదారు. అడవిలో వంద ఎకరాలు నరికిన సంస్థ అభివృద్ధి సంస్థా?

లేఅవుట్ల క్రమబద్ధీకరణ సంగతీ చూడండి. పార్కు స్థలం వదలని లేఅవుట్‌లో తెలియక ప్లాటు కొన్న సామాన్యుడి దగ్గర ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం రుసుము కట్టించుకుంటున్నారు. ఊపిరి పీల్చుకునే చోటు లేనందుకు జరిమానా అది. చిరుద్యోగి, ఆటో డ్రైవరు, టీచరు ఆ జరిమానా కడుతున్నారు. నగరానికి మిగిలిన అతి పెద్ద ఖాళీ స్థలాల్లో ఒకదాన్ని అమ్మేసే ప్రభుత్వానికి ఆ డబ్బు వసూలు చేసే నైతిక హక్కు ఎక్కడిది?

సుప్రీంకోర్టు గట్టిగానే మాట్లాడింది. అడవిని పునరుద్ధరిస్తారా, అధికారులను జైలుకు పంపమంటారా అని అడిగింది. యంత్రాలు ఆగాయి. కానీ ఆగడం వేరు, వదులుకోవడం వేరు. కోర్టు ఆదేశం ఒక కాగితం మీద ఉంది, ప్రభుత్వ ఉత్తర్వు ఇంకో కాగితం మీద ఉంది, బాండ్ల అప్పు మూడో కాగితం మీద ఉంది. ఆ రెండో కాగితం చింపేదాకా, మూడోది తీర్చేదాకా ఈ నేల ప్రమాదంలోనే ఉంటుంది.

ముఖ్యమంత్రి గారూ, ఒక పౌరుడిగా నేను అడిగేవి ఇవి. ఈ 400 ఎకరాలను టీజీఐఐసీకి ఇచ్చిన ఉత్తర్వును రద్దు చేయండి. భూమిని తాకట్టు నుంచి విడిపించండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించండి. ఇది అసాధ్యమేమీ కాదు. ఇక్కడికి ఎంతో దూరంలో లేని అమీన్‌పూర్ చెరువుకు ఈ రాష్ట్రమే 2016లో ఆ గుర్తింపు ఇచ్చింది. నరికిన చోట కంపెనీ ఇచ్చే అలంకార మొక్కలు కాదు, ఆ నేలలో పుట్టిన చెట్లే మళ్లీ మొలకెత్తనివ్వండి. చివరిగా, ఒక చట్టం తెండి. ఏ పార్కునైనా, చెరువునైనా, ఉమ్మడి బంజరునైనా శాసనసభలో చర్చించి, ప్రజల అభ్యంతరాలు బహిరంగంగా విని తప్ప, ఒక ఉత్తర్వుతో మరొకరికి బదలాయించే అధికారం ఏ ముఖ్యమంత్రికీ ఉండకూడదు. మీకూ వద్దు, మీ తర్వాత వచ్చేవారికీ వద్దు.

చదువరులకు కూడా ఒక మాట. ఈ పోరు విద్యార్థులది మాత్రమే అనుకోకండి. మీ కాలనీ లేఅవుట్ పటం మునిసిపాలిటీలో ఉంటుంది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి తెప్పించుకోండి. పార్కు అని చూపించిన చోట ఇవాళ ఏముందో వెళ్లి చూడండి. అక్కడ కమ్యూనిటీ హాలో, ఫంక్షన్ హాలో, నాయకుడి అనుచరుడి షెడ్డో ఉంటే ఫిర్యాదు రాయండి, నలుగురి చేత సంతకం పెట్టించండి, కోర్టుకు వెళ్లాల్సి వస్తే వెళ్లండి. బెంగళూరులో గెలిచింది కాలనీవాసులే. తిరుపతిలో నిలబడింది ఊరి మనుషులే. గచ్చిబౌలిలో యంత్రాల ముందు నిలబడింది హాస్టల్ పిల్లలే. ఏ పార్టీ కూడా వాళ్లను పంపలేదు, ఏ పార్టీ కూడా వాళ్లను కాపాడలేదు.

ఇన్నేళ్లూ కోర్టులో ప్రభుత్వ న్యాయవాదులు ఈ భూమి ప్రజలది అని వాదించారు. ఆ మాట నిజమని న్యాయమూర్తులు ఒప్పుకున్నారు కాబట్టే భూమి తిరిగి వచ్చింది. ప్రజల పేరు చెప్పి గెలిచిన దాన్ని ప్రజలకు తెలియకుండా అమ్మే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు. ఉందని అనుకుంటే, ఎన్నికల్లో ఆ మాట పోస్టర్ మీద వేసుకుని ఓట్లడగండి. మేము జవాబు చెప్తాం.